జీతం అడగడంలో దాపరికం వద్దు



నాయనా, నువ్వూ కోడలమ్మాయీ కలిసి రాసిన ఉత్తరం శ్రద్ధగా చదివాను. మీ ఇద్దరికీ హెచ్-1బి వీసా చేసింది ఒకే కన్సల్టెన్సీ. నిన్ను ఏడు నెలలుగా ప్రాజెక్టు చూపించకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వలేదు. పే స్టబ్‌లు కావాలంటే పేరోల్ నడపడానికి అయ్యే డబ్బు నువ్వే పంపమన్నారు. నువ్వు గట్టిగా అడిగేసరికి, ప్రాజెక్టులో పనిచేస్తున్న అమ్మాయి జీతం కూడా ఆపేశారు. ఫిర్యాదు చేయాలనీ, అవసరమైతే కోర్టుకు వెళ్లాలనీ మీరు నిశ్చయించుకున్నారు. ఆ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మీరు నన్ను అడిగింది వేరే: ఈ సంగతి స్నేహితులకు చెప్పాలా, వద్దా? మీ లాయరుగారు నోరు మెదపవద్దన్నారు. మీ నాన్న పరువు పోతుందంటున్నాడు. అమ్మాయి మాత్రం తెలిసినవాళ్లందరికీ చెప్పేద్దామంటోంది. నేను అమ్మాయి పక్షమే. చెప్పండి. ఇలాంటి తగాదాలో యజమానికి అతని డబ్బు కన్నా పెద్ద బలం ఒకటుంది: మీలాంటివాళ్లు ఎవరికి వారు నోరు మూసుకుని ఉండటం. అయితే గుండె బరువు దించుకోవడానికి చెప్పడం వేరు, సాక్ష్యం నిలబెట్టడానికి చెప్పడం వేరు. మీరు చెప్పాల్సింది ఈ రెండో పద్ధతిలో.

ముందు చట్టం సంగతి చూద్దాం. బెంచ్ మీద ఉన్న పిల్లలు చాలామంది దాన్ని తమ దురదృష్టం అనుకుంటారే గానీ, యజమాని చేస్తున్న చట్ట ఉల్లంఘన అనుకోరు. హెచ్-1బి పిటిషన్ వేసే ముందు యజమాని అమెరికా కార్మిక శాఖకు ఎల్‌సీఏ అనే పత్రం దాఖలు చేస్తాడు. ఫలానా ఉద్యోగానికి, ఫలానా చోట, ఏడాదికి ఇంత జీతం ఇస్తానని అందులో సంతకం పెడతాడు. పని చూపించలేకపోయినా ఆ జీతం ఇచ్చి తీరాలని 1998లో వచ్చిన చట్టం చెబుతోంది. బయటి నుంచి వచ్చినవాడికి దేశంలో అడుగుపెట్టిన 30 రోజులకల్లా, అప్పటికే అమెరికాలో ఉండి హోదా మారినవాడికి 60 రోజులకల్లా జీతం మొదలవ్వాలి. కంపెనీ పరిమాణాన్ని బట్టి 750 గానీ 1,500 గానీ డాలర్ల శిక్షణ ఫీజు ఉంటుంది, దాన్ని ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. ముందుగా మానేసినందుకు జరిమానా విధించకూడదు. ఫీజు అంకెలు తప్ప ఇవన్నీ పాతికేళ్లకు పైగా చట్టంలో ఉన్నవే. అయినా బెంచ్ ఆగలేదు. కారణం ఏమిటంటే కార్మిక శాఖ చాలావరకు ఫిర్యాదు వస్తేనే కదులుతుంది. అందుకని ఫిర్యాదు రాకుండా చూసుకోవడం మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. మార్కెట్ డల్‌గా ఉంది, నీ కమ్యూనికేషన్ బాగాలేదు, ఇంటర్వ్యూలు క్లియర్ చేయలేకపోతున్నావు అని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెబుతారు. కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పక్క గదివాడికీ ఇదే మాట చెప్పారని ఇతనికి తెలియదు. ఇతను సిగ్గుపడి చెప్పడు, అతను మొహమాటపడి అడగడు. జీతం రాకపోవడం తన చేతకానితనమని ఇద్దరూ నమ్ముతారు. ఆ నమ్మకం పోవాలంటే ఇద్దరూ కూర్చుని తమ కాగితాలు పక్కపక్కన పెట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

ఇలా కలిసి నిలబడి మన దేశపు కార్మికులే అమెరికాలో నడిపిన ఒక పోరాటం ఉంది. సిగ్నల్ ఇంటర్నేషనల్ కేసు అంటారు. 2005లో కత్రినా తుఫాను తర్వాత గల్ఫ్ తీరంలో మరమ్మతు పనులకు ఆ కంపెనీ ఇండియా నుంచి సుమారు 500 మంది వెల్డర్లను, పైప్‌ఫిట్టర్లను హెచ్-2బి వీసాల మీద తెప్పించింది. గ్రీన్ కార్డు వస్తుందని చెప్పి ఏజెంట్లు ఒక్కొక్కరి దగ్గర 10,000 డాలర్లు, అంతకు పైన కూడా గుంజారు. ఇళ్లూ పొలాలూ అమ్మి, అప్పులు చేసి వెళ్లినవాళ్లు వాళ్లు. తీరా వెళ్లాక మిసిసిపీలోని పాస్కగూలాలో, టెక్సస్‌లోని ఆరెంజ్‌లో కంపెనీ ఆవరణలోనే క్యాంపు. ఒక్కో గదిలో 24 మంది. దానికి నెలకు 1,050 డాలర్లు జీతంలోంచి కోత. 2007 మార్చిలో, మాట్లాడుతున్నవాళ్లను ఏరి వెనక్కి పంపేయాలని కంపెనీ చూసింది. ఒకతను ఆత్మహత్యకు ప్రయత్నించాడు. అయినా మిగతావాళ్లు భయపడి చెదిరిపోలేదు. మరుసటి ఏడాది మార్చిలో దాదాపు వంద మంది ఒక్కసారిగా పని మానేసి గేటు బయటికొచ్చి, తమ హెల్మెట్లు అక్కడే విసిరేశారు. న్యూ ఓర్లియన్స్ నుంచి వాషింగ్టన్‌కు యాత్రగా వెళ్లి అక్కడ నిరాహార దీక్ష చేశారు. దారి పొడవునా ఊరూరా తమ కథ చెప్పుకుంటూ వెళ్లారు. అదే ఏడాది న్యూ ఓర్లియన్స్ ఫెడరల్ కోర్టులో కేసు వేశారు.

ఈ కేసులో నేను మీకు చూపించదలచుకున్నది తర్వాత జరిగినది. అందరి తరఫునా ఒకే దావాగా నడపడానికి 2012లో జడ్జి ఒప్పుకోలేదు. ఎవరి కేసు వాళ్లు విడిగా నడుపుకోవాల్సి వచ్చింది. చేతిలో డాలరు లేని వందలాది మందికి విడివిడిగా లాయర్లు ఎక్కడినుంచి వస్తారు? కానీ వచ్చారు. పౌర హక్కుల సంస్థలు, పెద్ద పెద్ద లా ఫర్ములు ఫీజు తీసుకోకుండా ముందుకొచ్చి కేసులు పంచుకున్నాయి. వాళ్ల గోడు అప్పటికే నలుగురికీ తెలిసి ఉండటం వల్లే అది సాధ్యమైందని నా అభిప్రాయం. 2015 ఫిబ్రవరిలో మొదటి విచారణలో ఐదుగురికి జ్యూరీ 1.4 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఆ జూలైలో కంపెనీ దివాలా పిటిషన్ వేసి, 200 మందికి పైగా కార్మికుల కేసులన్నింటినీ 2 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది, క్షమాపణ కూడా చెప్పింది. పని మానేసిన రోజు నుంచి లెక్కేస్తే ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఒక్కడుగా ఎవడూ నిలబడలేడు. ఒకడి సాక్ష్యానికి ఇంకొకడి సాక్ష్యం తోడుగా ఉండబట్టే నిలబడగలిగారు.

వాళ్లు వందల మంది, ఒకే క్యాంపులో ఉన్నారు, మేము ఇద్దరమే కదా అని నువ్వు అనవచ్చు. ఇద్దరు చాలు. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రకారం, ఒకచోట పనిచేసేవాళ్లు తమ జీతాల గురించి, పని పరిస్థితుల గురించి మాట్లాడుకోవడం, కలిసి అడగడం రక్షణ ఉన్న పని. యూనియన్ ఉండాల్సిన అవసరం లేదు. 1959 జనవరిలో బాల్టిమోర్‌లోని ఒక అల్యూమినియం కార్ఖానాలో ఫర్నేస్ చెడిపోతే, చలికి తట్టుకోలేక ఏడుగురు పనివాళ్లు బయటికి వెళ్లిపోయారు. వాళ్లకు యూనియన్ లేదు. కంపెనీ ఉద్యోగాల్లోంచి తీసేసింది. 1962లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. మీరిద్దరూ భార్యాభర్తలు మాత్రమే కాదు, ఒకే యజమాని దగ్గర సహోద్యోగులు కూడా. గెస్ట్‌హౌస్‌లో నీతో ఉన్న కుర్రాళ్లూ అంతే. జీతాల గురించి బయట మాట్లాడకూడదని మీ అగ్రిమెంటులో రాసి ఉంటే, మామూలు ఉద్యోగుల విషయంలో ఆ మాట చెల్లదు. పదిమంది మీద అధికారం చలాయించే మేనేజర్లకు మాత్రం ఈ రక్షణ లేదు, మీ హోదా ఏమిటో లాయరుగారితో ఒకసారి సరిచూసుకోండి.

ఇక లాయరుగారి అభ్యంతరం. ఆయన మాటలో సత్యం ఉంది, దాన్ని తోసిపుచ్చవద్దు. లాయరుకూ మీకూ మధ్య నడిచే మాటలకు చట్టం గోప్యత ఇస్తుంది. ఆ మెయిల్‌ను ఒక స్నేహితుడికి ఫార్వర్డ్ చేస్తే ఆ గోప్యత పోవచ్చు. భార్యాభర్తల మధ్య ఏకాంతంలో నడిచిన మాటలకు కూడా సాధారణంగా రక్షణ ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో రాసిన మాటకు అలాంటి రక్షణ ఏమీ లేదు. కేసు నడిచేటప్పుడు అవతలివాళ్ల లాయరు ఆ మెసేజ్‌లన్నీ ఇవ్వమని అడగగలడు. కోపంలో రాసిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని, వీళ్లకు కావాల్సింది జీతం కాదు, కక్ష అని వాదించగలడు. అందుకే స్నేహితులకు చెప్పేది కాగితం మీద చూపించగలిగినదే అయి ఉండాలి. ఎల్‌సీఏలో నీ జీతం ఏడాదికి 84,000 డాలర్లని ఉందనుకో, నెలకు 7,000. ఏడు నెలలకు 49,000. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ ఏడు నెలల్లో కంపెనీ నుంచి జమ అయినది ఎంత? పే స్టబ్‌లో చూపించిన తేదీకి నాలుగు రోజుల ముందు నీ ఖాతాలోంచి ఎవరికి, ఎంత వెళ్లింది? ఈ మూడు కాగితాలూ ఒక వరుసలో పెడితే వాడు దొంగ అని మీరు అనక్కర్లేదు. అనకండి కూడా. నిజం చెప్పినంతవరకు పరువునష్టం కేసుకు భయం తక్కువ, తిట్టిన చోటే చిక్కు. జరిగినది, తేదీ, అంకె, కాగితం మీ స్నేహితులకు చెప్పండి. లాయరు సలహా, మీ వ్యూహం, ఎంతకు రాజీపడతారన్నది మీ ఇద్దరి మధ్యే ఉంచుకోండి. ఇలా చెప్పి చూడు, లాయరుగారు కూడా కాదనరని నా నమ్మకం.

సంతకాల విషయంలో ఒక హెచ్చరిక. సొంత కారణాలతో సెలవు కోరుతున్నానని రాసిమ్మని కంపెనీ అడుగుతుంది. మామూలు లాంఛనమే అన్నట్టు అడుగుతారు. ఉద్యోగి తన అవసరం కోసం సెలవు పెడితే ఆ కాలానికి జీతం ఇవ్వక్కర్లేదని నిబంధనల్లో ఉంది, ఆ కాగితం అడగడం అందుకే. ఇద్దరిలో ఎవరూ సంతకం పెట్టవద్దు. అలాగే, నిన్ను ఎప్పుడో తీసేశాం అని రేపు అంటే బెదరవద్దు. నిజంగా తీసేసినట్టు లెక్క కావాలంటే నీకు తెలియజేయాలి, ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాలి, ఇండియాకు తిరుగు ప్రయాణపు ఖర్చు ఇవ్వజూపాలి. అవి జరిగేదాకా జీతం బాకీ పెరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి నీతోపాటు ఉన్న కుర్రాళ్లకు కూడా చెప్పు, వాళ్లలో ఎవరైనా ఈపాటికే ఆ సెలవు కాగితం మీద సంతకం పెట్టి ఉండవచ్చు.

వీసా భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. ఉద్యోగం పోతే 60 రోజులు, లేదా ఐ-94 పత్రంలో ఉన్న బస గడువు, ఏది ముందైతే అది మీకు మిగిలే సమయం. ఇద్దరికీ ఒకే యజమాని కాబట్టి దెబ్బ ఇద్దరికీ ఒకేసారి తగులుతుంది, ఒకరి మీద ఒకరు ఆధారపడి హెచ్-4కు మారే వీలు కూడా ఉండదు. అందువల్ల వరుస ముఖ్యం. కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంలో చేసే ఫిర్యాదుకు, చివరి ఉల్లంఘన జరిగిన నాటి నుంచి 12 నెలల గడువు ఉంది. అంటే ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంది. ముందు ఒకరైనా వేరే యజమాని దగ్గరికి మారే ప్రయత్నం చేయండి, కొత్త పిటిషన్ దాఖలైన నాటి నుంచే అక్కడ పనిచేయవచ్చు. అన్ని నెలలకూ పే స్టబ్‌లు లేవు కాబట్టి మారడం కష్టమంటారా? ఎల్‌సీఏ ఉల్లంఘన గురించి ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం పోయినవాళ్ల విషయంలో, హోదా తప్పడాన్ని అసాధారణ పరిస్థితిగా పరిగణించే వీలు ఇమిగ్రేషన్ శాఖకు ఉంది. తప్పక మన్నిస్తారని నేను హామీ ఇవ్వలేను, అది అధికారి విచక్షణ. కానీ ఫిర్యాదు చేసినవాడికే ఆ వెసులుబాటు, మౌనంగా ఉన్నవాడికి అది కూడా లేదు. మీరున్న టెక్సస్ రాష్ట్రానికి వేరుగా జీతాల ఫిర్యాదు పద్ధతి ఉంది, దాని గడువు జీతం రావాల్సిన నాటి నుంచి 180 రోజులే. మీ మొదటి నెల బాకీకి ఆ గడువు దాటిపోయి ఉంటుంది, తర్వాతి నెలలది దాటనివ్వకండి.

పేరోల్ నడపడానికి నువ్వు డబ్బు పంపిన సంగతి ఉత్తరంలో ఒకే వాక్యంలో రాసి ఊరుకున్నావు. నిన్ను లోలోపల వేధిస్తున్నది అదేనని నాకు అర్థమైంది. మేమూ తప్పులో పాలుపంచుకున్నాం, ఏ మొహంతో ఫిర్యాదు చేస్తాం అని కదా? యజమాని కోరుకునేది కూడా ఇదే. ఒక చిన్న తప్పులో ఉద్యోగిని కలుపుకుంటే జీవితాంతం నోరు మూసుకుంటాడని అతని లెక్క. రెజ్యూమెలో లేని అనుభవం రాయించడం వెనక ఉన్నదీ ఇదే లెక్క. దీనికి నా సలహా కఠినంగా ఉంటుంది: ఇందులో ఏదీ దాచకుండా, తేదీలతో సహా, మొదట లాయరుకు చెప్పండి. స్నేహితులకు కాదు, నాకు కూడా కాదు, లాయరుకు. అది ఎంతవరకు చిక్కు, ఎలా బయటపెట్టాలి అన్నది ఆయన నిర్ణయిస్తారు. దాన్ని దాచిపెట్టి కేసు నడిపితే, అవతలివాళ్లు మంచి సమయం చూసి బయటపెడతారు. అప్పుడు మీ తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చిన స్నేహితుడి మాటకు కూడా విలువ పోతుంది.

మీ నాన్న మాటకు వస్తాను. యజమాని మనవాడే, వాళ్ల చుట్టాలు మన పక్క ఊళ్లోనే ఉన్నారు, వాళ్లూ వీళ్లూ ఇంటికొచ్చి పిల్లలకు నచ్చజెప్పమంటున్నారు. మనవాడు అన్న మాటను కొడుకు జీతం ఎగ్గొట్టినవాడి కోసం ఎందుకు వాడాలి? గెస్ట్‌హౌస్‌లో జీతం లేకుండా ఉన్న కుర్రాళ్లు కూడా మనవాళ్లే. పరువు జీతం అడిగినవాడికి పోదని మీ నాన్నకు నేను చెబుతాను, ఆ బాధ్యత నాది. అయితే నువ్వు అమెరికా వెళ్లే ముందు మీ నాన్న సంతకం చేసి యజమానికి ఇచ్చిన ఖాళీ చెక్కు గురించి అశ్రద్ధ చేయకూడదు. ఇక్కడ ఇండియా చట్టంలో సంతకం చేసిన చెక్కుకు బలం ఉంది, అప్పు ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది, లేదని మనం చూపించుకోవాలి. నోటీసు వస్తే దాచిపెట్టి కూర్చోకుండా, ఏ పరిస్థితుల్లో ఆ చెక్కు ఇచ్చాడో రాసి 15 రోజుల్లోపు లాయరు ద్వారా జవాబు ఇప్పించాలి.

స్నేహితుల్ని ఇరుకున పెడతామేమో అని అమ్మాయి రాసింది. ఆ సంకోచం ఆమె మంచితనం. చెప్పడం వేరు, లాగడం వేరు. మీరు జరిగింది చెప్పండి, మీ కాగితాలు చూపించండి, వాళ్ల కాగితాలు చూసుకోమనండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. ఇంటి లోను ఉన్నవాడు, గ్రీన్ కార్డు దశలో ఉన్నవాడు వెనకాడితే తప్పుపట్టవద్దు, అతనితో స్నేహం చెడగొట్టుకోవద్దు. ఉమ్మడి దావా వేయకూడదు, తగాదా ఉంటే ఆర్బిట్రేషన్‌కే ఒంటరిగా వెళ్లాలి అనే షరతు మీ అగ్రిమెంటులో ఉండవచ్చు. 2018లో ఎపిక్ సిస్టమ్స్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అలాంటి షరతులు చెల్లుతాయంది. అలాగైతే కలిసి ఏం లాభమని అనుకోవద్దు. మీ ప్రైవేటు ఒప్పందం కార్మిక శాఖను ఆపలేదు, ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు. విడివిడి కేసుల్లో కూడా ఒకరి కోసం ఒకరు సాక్ష్యం చెప్పవచ్చు. సిగ్నల్ కార్మికులు నడిపినవి కూడా విడి కేసులే.

రాజీ ప్రతిపాదన తప్పకుండా వస్తుంది. బాకీలో సగం ఇస్తాం, ఇక ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు అంటారు. మీ ఇద్దరిలో ఎవరు అలసిపోయి ఉంటే వాళ్ల చెవిన ముందుగా వేస్తారు. అందుకని ఈ ఒక్క విషయం మీరు ముందే కూర్చుని మాట్లాడుకోండి: ఎంత వస్తే చాలు, మౌనానికి ఒప్పుకోవాలా. ఒప్పుకున్నా నేను మిమ్మల్ని తక్కువగా చూడను, కుటుంబం నడవాలి. కానీ కార్మిక శాఖకు నిజం చెప్పే హక్కును వదులుకునే షరతు మీద మాత్రం సంతకం చేయవద్దని నా గట్టి మాట. మీరు వదులుకుంటే నష్టపోయేది వచ్చే ఏడాది ఆ గెస్ట్‌హౌస్‌కు వచ్చే కుర్రాడు.

ఈ వారంలోనే ఎల్‌సీఏ నకలు తెప్పించుకో. పనిలో చేరే రోజుకల్లా దాన్ని నీ చేతికివ్వడం యజమాని బాధ్యత, ఇవ్వకపోతే అదొక ఉల్లంఘనగా రాసుకో. కంపెనీ లాప్‌టాప్‌లో కాకుండా నీ సొంతదాంట్లో, నెలవారీగా ఫైలు కట్టు. అమ్మాయి లెక్కలు చూసుకుంటుంది, నువ్వు ఉత్తరప్రత్యుత్తరాలు చూసుకో. లాయరుగారికి అన్నీ చెప్పాక, నీతోపాటు ఆ గెస్ట్‌హౌస్‌లో ఉన్నవాళ్లలో నువ్వు నమ్మే ఒకరిని ఆదివారం భోజనానికి పిలిచి, ఫైలు ముందు పెట్టి, మొదటి పేజీ నుంచి చూపించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న